ఆయన రిటైరయ్యారు, మరి అమ్మగారి సంగతి ఏమిటి?

(విదేశంలో పిల్లల దగ్గర స్థిరపడే తల్లుల కొరకు ఒక ఆరోగ్య పాఠం)



మన చందానగర్, లింగంపల్లి, రామచంద్రాపురం ప్రాంతాలలో బి.హెచ్.ఇ.ఎల్.లో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైన కుటుంబాలు చాలా ఉన్నాయి. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు స్కూలు బ్యాగు మోసిన పిల్లలలో అనేకులు ఈనాడు డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో, కాలిఫోర్నియాలోనో సొంత ఇళ్ళు కొనుక్కుని ఉన్నారు. నాన్నగారు రిటైరైన కొన్నాళ్ళకు వారినుండి ఫోను వస్తుంది. "అక్కడ మీరిద్దరే ఏం చేస్తారు? ఇక్కడికే వచ్చేయండి." కొందరు విజిటర్ వీసాపై వెళ్ళి ఆరు నెలలు ఉండి వస్తారు. మరికొందరు పిల్లల పౌరసత్వం ద్వారా గ్రీన్‌కార్డు పొంది, ఇక్కడి ఇల్లు అద్దెకిచ్చి పూర్తిగా వెళ్ళిపోతారు.

వెళ్ళేముందు మందుల చీటీ రాయించుకోవడానికి మా ఆసుపత్రికి వస్తారు. అప్పటికి అన్నీ సిద్ధంగా ఉంటాయి. పచ్చళ్ళు మూటకట్టి, కారప్పొడి కొట్టించి, పెట్టెలు రెండుసార్లు తూకం వేసి ఉంటారు. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. "అక్కడ అమ్మగారు రోజంతా ఏమి చేస్తారు?" ఈ పాఠంలో ఆ ప్రశ్ననే అడిగి, మనకు తెలిసినంతవరకు జవాబు వెదుకుదాము.

పనికి లోటు లేదు, కానీ...

తిరిగి వచ్చిన తల్లులు మా దగ్గర చెప్పుకునే మాటలను ఒక్క తల్లి మాటగా ఇక్కడ రాస్తున్నాము. ఆమెకు 62 ఏళ్ళు. వెళ్ళేటప్పుడు షుగరు అదుపులో ఉంది. ఏడాది తరువాత వచ్చేసరికి పెరిగింది. ఆరు కిలోల బరువు పెరిగారు, మోకాళ్ళు నొప్పులు, రాత్రి నిద్ర లేదు. "అక్కడ పని లేక తోచలేదా అమ్మా?" అని అడిగాము.

"పనికేమి లోటండీ! పొద్దున్నే ఇద్దరు పిల్లలకు డబ్బాలు, అందరికీ వంట, బట్టలు, గిన్నెలు, సాయంత్రం మళ్ళీ వంట. కోడలు మంచిదే, వద్దంటూనే ఉంటుంది. కానీ పొద్దున ఎనిమిదికి అందరూ వెళ్ళిపోతే మళ్ళీ సాయంత్రం దాకా నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ఉండడు. మా ఆయన కంప్యూటర్‌లో తెలుగు పేపర్లన్నీ చదువుకుంటారు. నేనేమో కిటికీలోనుంచి రోడ్డు చూస్తాను. ఆ రోడ్డు మీద మనుషులు నడవరు."

ఈ మాటలలోనే మన పాఠమంతా ఉంది. పని ఉండటం వేరు, వ్యాపకం ఉండటం వేరు. ఇంటి పని ఎంత చేసినా ఇంటి లోపలే మొదలై లోపలే ముగుస్తుంది. వ్యాపకమంటే ఇంటి బయట ఒకరు మన కొరకు ఎదురుచూసే పని. మనము వెళ్ళకపోతే "ఈవేళ ఆవిడ రాలేదేమి?" అని అడిగేవారు ఉండాలి.

ఆమె పోగొట్టుకున్నది ఏమిటి?

రిటైర్మెంట్ ఆయనకు వచ్చింది. ఆమెకు వచ్చింది బదిలీ మాత్రమే. వంటగది మారింది కానీ డ్యూటీ మారలేదు. అయితే ఆ బదిలీలో ఆమె ఒక పెద్ద ఆస్తిని ఇక్కడే వదిలి వెళ్ళింది.

చందానగర్‌లో ఆమె రోజును గుర్తు చేసుకోండి. గేటు దగ్గర కూరగాయల బండి అతనితో బేరం, పక్కింటి వదినగారితో నాలుగు మాటలు, రవికె కుట్టే టైలరు, మందుల షాపు అబ్బాయి, సంఘములో స్త్రీల కూడిక, ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి చెల్లెలి ఇంటికి ప్రయాణం. ఇవన్నీ ఆమె ముప్ఫై ఏళ్ళు కాలినడకన కూడబెట్టుకున్న పరిచయాలు. వీటిలో దేనికీ కారు అక్కరలేదు, ఇంగ్లీషు అక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. అమెరికాలో చాలా ఊళ్ళలో కొట్టు నడిచి వెళ్ళే దూరంలో ఉండదు. కారు నడపడం రాకపోతే ఉప్పు ప్యాకెట్టుకు కూడా శనివారం దాకా ఆగాలి. చలికాలంలో న్యూజెర్సీ వంటి చోట్ల సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది.

మగవారికి కూడా ఈ కష్టం ఉంది. అయితే వారు కొంత త్వరగా దారి వెదుక్కుంటారు. 2009లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నగరంలో స్థిరపడిన మన దేశపు పెద్దల గురించి రాసింది. వారానికి అయిదు రోజులు ఒక షాపింగు సముదాయంలో కలుసుకుని, టీ తాగుతూ కబుర్లు చెప్పుకునే ఒక బృందం అప్పట్లో అక్కడ ఉండేది. దాని పేరు నూరేళ్ళ జీవితపు క్లబ్బు. మంచి విషయమే. కానీ అందులో సభ్యులందరూ మగవారే! వారి భార్యలకు అటువంటి అరుగు ఎక్కడ?

శరీరము మీద దీని ప్రభావం

"ఒంటరితనం మనసుకు సంబంధించినది, ఆసుపత్రికి ఏమి సంబంధం?" అని అనుకోవద్దు. సంబంధం ఉన్నది.

2010లో పరిశోధకులు 148 అధ్యయనాలను, అంటే 3 లక్షలకు పైగా మనుషుల వివరాలను, కలిపి పరిశీలించారు. మంచి స్నేహ సంబంధాలు ఉన్నవారు ఆ అధ్యయనాల కాలంలో బ్రతికి ఉండే అవకాశం, లేనివారి కన్నా 50 శాతం ఎక్కువగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషను 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. మతిమరుపు వ్యాధిపై 2024లో లాన్సెట్ కమిషను పేర్కొన్న 14 ముప్పు కారణాలలో నలుగురితో కలవకపోవడం, దిగులు జబ్బు, వినికిడి లోపం, చూపు లోపం కూడా ఉన్నాయి. వీటన్నిటినీ సరిచేసుకోవడానికి వీలున్నది.

ఇక షుగరు, బి.పి. సంగతి. బయటికి వెళ్ళే కారణం లేకపోతే నడక ఉండదు. తోచకపోతే చిరుతిండి పెరుగుతుంది. మిగిలిన అన్నము, పిల్లలు వదిలేసిన కేకు "పారేయడం ఎందుకు" అని అమ్మే తింటుంది. మందు వేళకు వేసుకున్నా లెక్క తప్పుతుంది.

మరి వ్యాపకం నిజంగా మందులా పనిచేస్తుందా? అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 60 ఏళ్ళు దాటినవారిని వారానికి 15 గంటలు ప్రాథమిక పాఠశాలలకు పంపి, చిన్నపిల్లలకు చదువులో సాయం చేయించారు. వారిలో ఎక్కువమంది స్త్రీలే. అంతకుముందు కదలిక తక్కువగా ఉన్నవారు ఈ పనిలో చేరిన తరువాత చురుకుగా మారినట్లు పరిశోధకులు గమనించారు. వారిని వ్యాయామం చేయండి అని ఎవరూ బలవంతపెట్టలేదు. తమ కొరకు పిల్లలు ఎదురుచూస్తారని తెలుసు గనుక బయలుదేరారు.

అక్కడ ఏమి చేయవచ్చును?

1. గ్రంథాలయము: అమెరికాలో దాదాపు ప్రతి ఊరిలో ఉచిత గ్రంథాలయం ఉంటుంది. చాలా చోట్ల ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకునే వారానికొక ఉచిత తరగతి ఉంటుంది. కొన్నిచోట్ల తెలుగు పుస్తకాలు కూడా దొరుకుతాయి. ఇంగ్లీషు రాదని సిగ్గుపడవద్దు. అక్కడికి వచ్చేవారంతా రానివారే.

2. వృద్ధుల కేంద్రము: అక్కడి ఊళ్ళలో సీనియర్ సెంటర్లు ఉంటాయి. 1965లో వచ్చిన చట్టం కింద 60 ఏళ్ళు దాటినవారు కలిసి భోజనం చేసే ఏర్పాటుకు ప్రభుత్వ సాయం అందుతుంది. కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామాలు, కుట్లు, అల్లికలు ఉంటాయి. కొన్ని ఊళ్ళలో తీసుకువెళ్ళే బండి కూడా ఉంటుంది. మిల్పిటాస్‌లోని ఇండియా కమ్యూనిటీ సెంటర్ వంటి చోట్ల మనవారి కొరకే కార్యక్రమాలు ఉన్నాయి.

3. తెలుగు నేర్పడం: అక్కడ పుట్టిన మన పిల్లలకు తెలుగు నేర్పే బడులు చాలా ఊళ్ళలో వారాంతంలో నడుస్తున్నాయి. సిలికానాంధ్ర వారి మనబడి 2007లో మొదలైనది. అక్షరాలు దిద్దించడం, కథ చెప్పడం మన తల్లులకు వచ్చిన విద్యలే. దానికి వారిని మించిన గురువులు లేరు.

4. సంఘము, సమాజము: తెలుగు ప్రార్థన కూడికలు, గుడులు, తెలుగు సంఘాలు ఎక్కడ ఉన్నాయో ముందే తెలుసుకోండి. వెళ్ళి కూర్చుని రావడం కాదు, ఒక బాధ్యత అడిగి తీసుకోండి. పాటల పుస్తకాలు సర్దడమో, టీ పెట్టడమో ఏదైనా ఫరవాలేదు.

5. ఒక నడక స్నేహితురాలు: అదే వీధిలో మన దేశపు అమ్మమ్మలు ఇంకొకరో ఇద్దరో ఉంటారు. భాష వేరైనా ఫరవాలేదు. 65 దాటినవారికి వారానికి కనీసం 150 నిమిషాల నడక, వారానికి మూడు రోజులు నిలకడ పెంచే వ్యాయామాలు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఒంటరిగా ఇది సాగదు. గేటు దగ్గర ఒకరు నిలబడితే సాగుతుంది.

ఒక హెచ్చరిక. విజిటర్ వీసాపై ఉన్నవారు జీతానికి ఏ పనీ చేయకూడదు. డబ్బు తీసుకుని ఇతరుల పిల్లలను చూసుకోవడం, వంట చేసి అమ్మడం కూడా తప్పే. ఉచిత సేవ విషయంలో కూడా ముందుగా పిల్లలతో అడిగించి తెలుసుకోండి.

వెళ్ళకముందు ఇక్కడే చేయవలసినవి

పై పనులకు పునాది చందానగర్‌లోనే పడాలి. కళ్ళు, చెవులు, పళ్ళు పరీక్ష చేయించుకోండి. చెవి సరిగా వినబడనివారు నలుగురిలోకి వెళ్ళడానికి భయపడతారు. షుగరు మందు మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడుతున్నవారు, మాంసాహారం తిననివారు బి12 విటమిన్ పరీక్ష గురించి అడగండి. అది తగ్గితే నీరసం, తిమ్మిరి, మరుపు వస్తాయి. మందుల అసలు పేర్లతో చీటీ రాయించుకోండి. పాత జబ్బులకు ప్రయాణపు ఇన్సూరెన్సు ఎంతవరకు వర్తిస్తుందో చదివించుకోండి.

అమ్మగారి చేతిలో ఆమె సొంత ఫోను ఉండాలి. వీడియో కాల్ చేయడం, దారి చూపించే మ్యాపు వాడటం ఆమెకే రావాలి. ఇంటి చిరునామా ఇంగ్లీషులో చెప్పగలగాలి. "ఆయన చూసుకుంటారులే" అనవద్దు. ఆయనకు ఒంట్లో బాగులేని రోజున 911కు ఫోను చేయవలసినది ఆమెయే.

భర్తగారికి, పిల్లలకు ఒక మాట

అయ్యా, ముప్ఫై ఏళ్ళు మీ షిఫ్టు ప్రకారం ఆ ఇంటి గడియారం తిరిగింది. ఇప్పుడు వారంలో రెండు పూటలు ఆమె షిఫ్టుగా ఉండనివ్వండి. ఆ రోజు కూర మీరు తరగండి, అన్నము మీరు వండండి. పేపరు చదివితే ఆమెకు కూడా పైకి చదివి వినిపించండి.

పిల్లలారా, మీరు ప్రేమతోనే పిలిచారు. ఆ ప్రేమకు వారానికొక కారు ప్రయాణం చేర్చండి. "అమ్మా, ఏమైనా కావాలా?" అని అడిగితే ఏ తల్లీ కావాలని చెప్పదు. "గురువారం పదింటికి నిన్ను లైబ్రరీలో దింపుతాను" అని చెప్పండి. మనవలను చూసుకోవడం ఆమెకు ఆనందమే. కానీ ఆనందానికి కూడా ఒక సెలవు రోజు ఉండాలి.

ఎప్పుడు డాక్టరుకు చెప్పాలి?

రెండు ప్రశ్నలు వేసుకోండి. గత రెండు వారాలలో చాలా రోజులు మనసు దిగులుగా, ఆశ లేనట్లుగా ఉన్నదా? ఇదివరకు ఇష్టమైన పనులపై ఆసక్తి పోయినదా? వీటిలో ఏ ఒక్కదానికి "అవును" అన్నా డాక్టరుతో మాట్లాడవలెను. మన తల్లులు దిగులును దిగులని చెప్పరు. నడుము నొప్పి, గుండెదడ, గ్యాస్ అని చెప్తారు. దిగులు జబ్బుకు చికిత్స ఉన్నది, తగ్గుతుంది. బ్రతకడం వృథా అనే మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. మన దేశంలో టెలీ మానస్ 14416కు, అమెరికాలో 988కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చును.

పైన చెప్పిన తల్లి మళ్ళీ వెళ్ళారు. ఈసారి వెళ్ళేముందు కొడుకుతో ఒక్క షరతు పెట్టారు, వారానికి రెండు రోజులు బయటికి తీసుకువెళ్ళాలని. ఇప్పుడు శనివారం తెలుగు బడిలో అక్షరాలు దిద్దిస్తున్నారు. ఒక వారం జలుబు చేసి వెళ్ళలేదట. సాయంత్రం ఒక ఏడేళ్ళ పిల్ల ఫోను చేసి, వచ్చీ రాని తెలుగులో "టీచర్ అమ్మమ్మా, ఎందుకు రాలేదు?" అని అడిగిందట. ఆ మాట మాకు ఫోనులో చెప్తూ ఆవిడ నవ్వారు. ఆ నవ్వు విని మాకూ సంతోషమైనది.

ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకొనుటకు ప్రశ్నలు

1. అమ్మ ఇక్కడ వారంలో ఎవరెవరితో మాట్లాడుతుంది? వారి పేర్లు రాయండి.
2. అక్కడ ఆ పేర్ల స్థానంలో ఎవరుంటారు?
3. వారంలో ఏ రోజు, ఏ గంట, ఇంటి బయట ఆమె కొరకు ఎవరు ఎదురుచూస్తారు?

మూడవ ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతే టికెట్టు కొనండి.