చుక్కల లిపి – పలికే పుస్తకం

చూపు లేని విద్యార్థికి అచ్చుపుస్తకం ఎదుట ఉన్నా లేనట్టే. ఆ లోటును తీర్చడానికి ఫ్రాన్సు దేశీయుడైన లూయీ బ్రెయిల్ 1824లో, పదిహేనేండ్ల ప్రాయంలోనే, ఆరు చుక్కల లిపిని రూపొందించాడు. భారతీయ భాషలకు ఉమ్మడి విధానంగా 1951లో భారతి బ్రెయిల్ ఏర్పడింది.

తెలుగు ఈ లిపిలో ఒదిగిన తీరు విశేషమైనది. మన రాతలో గుణింతపు గుర్తులు అక్షరాన్ని అంటిపెట్టుకొని ఉంటాయి; ఒత్తు కిందికి దిగుతుంది. చుక్కల లిపిలో అన్నీ ఒకే వరుసలో సాగుతాయి. హల్లు పక్కన అచ్చు నిలిస్తే గుణింతమవుతుంది. సంయుక్తాక్షరంలో పొల్లు గుర్తు ముందుగా వచ్చి, తన వెంటనున్న హల్లులోని అకారాన్ని తొలగిస్తుంది. ‘అక్క’ అనే మాటకు అకారం, పొల్లు, కకారం, మరల కకారం – ఈ నాలుగు గళ్లు కావాలి. వర్ణక్రమం నేర్వడానికి ఇంతకన్న చక్కని పాఠం లేదు.

అయితే బ్రెయిల్ పుస్తకాలు బరువైనవి, అరుదైనవి. ఆ కొరతను కొంతవరకు తీర్చినది తెరపాఠాన్ని చదివి వినిపించే కంప్యూటర్ సాధనం. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైన ఎన్.వి.డి.ఎ. ఉచితంగా లభిస్తుంది, తెలుగునూ పలుకుతుంది. కాని అక్షరాలు యూనికోడ్‌లో ఉండాలి. పాత ఫాంటులలో కూర్చిన తెలుగు కంటికి తెలుగే. యంత్రానికి అర్థంలేని రోమన్ గుర్తుల వరుస. ఎన్నో మంచి పుస్తకాలు ఈ కారణంగానే అంధ విద్యార్థులకు అందకుండా పోయాయి.

మచిలీపట్నం ప్రాంతంలో జన్మించిన బొల్లా శ్రీకాంత్ పదవ తరగతి తరువాత విజ్ఞానశాస్త్రం చదువగోరగా, అంధుడన్న కారణంతో అనుమతి లభించలేదు. ఆయన న్యాయస్థానం ద్వారా ఆ హక్కును సాధించాడు. పాఠాలను ధ్వనిరూపంలో విని చదివి ఇంటర్మీడియట్‌లో 98 శాతం మార్కులు పొందాడు. అనంతరం అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరాడు.

వికారాబాద్ నుండి పర్లి వైపు సాగే రైలుమార్గంలోని మర్పల్లి వంటి ఊళ్ల పిల్లలకు ఈ చదువు కోసం ఇల్లు విడిచి హైదరాబాదు వసతిగృహం చేరవలసిన అవసరం ఎందుకుండాలి? ఊరిబడిలోనే తోటివారితో కలిసి చదివే హక్కును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. మండల స్థాయిలో భవిత కేంద్రాలు నెలకొన్నాయి. ఆ కేంద్రంలో సాధనం ఉన్నంత మాత్రాన చాలదు. దానిని నేర్పే ఉపాధ్యాయుడు కావాలి.

యంత్రం పద్యాన్ని కూడా వచనంలాగే చదివేస్తుంది. గురులఘువులను గుర్తించి, గణాలు విడదీసి, యతిస్థానాన్ని పట్టుకోవాలంటే విద్యార్థి వేలికింద చుక్కల ప్రతి ఉండవలసిందే.