శాసనము వచ్చులోపలనే నోటీసు వచ్చును

శాసనసభా సమావేశముల తేదీ వెలువడుటకు పక్షము రోజుల ముందునుండియే మన పత్రికలలో ఒక ఆనవాయితీ మొదలగును: శాంతిభద్రతల విషయమున ప్రభుత్వము ఈ మారు దేనికి అగ్రస్థాన మీయనున్నది, ఏ బిల్లు ప్రవేశపెట్టనున్నది, ఏ నేరమునకు శిక్ష పెంచనున్నది అను ఊహాగానములు. గంజాయి, సైబరు మోసములు, భూకబ్జాలు, వడ్డీ వ్యాపారుల దౌర్జన్యము అను నాలుగు పేర్లే క్రమము మార్చుకొని ప్రతి పర్యాయమును దర్శనమిచ్చుచుండును. గంజాయి కొరకు 2024లో ఈగల్ అను ప్రత్యేక దళ మేర్పడినది. భూకబ్జాల నిషేధమునకు అదే సంవత్సరమున నూతనమైన బిల్లు సభ ముందుకు వచ్చినది. మిగిలినవానిలో అప్పుల సంగతియే నేడు మన యెమ్మిగనూరు ప్రాంతపు సామాన్యుని మెడకు చుట్టుకొనియున్నది గావున, నేను దానిని గూర్చియే వ్రాయుచున్నాను.

గత కొన్ని మాసములుగా నా బల్లపైకి వచ్చుచున్న కాగితపు కట్టలను విప్పి చూచినచో, పేర్లును ఊర్లును వేరైనను కథ యొక్కటియే. అప్పు తీసికొన్నవాడు సంతకము మాత్రము చేసిన ఖాళీ చెక్కును పూచీగా నిచ్చెను, కొంత చెల్లించెను, పిమ్మట టీవీలో ఏదో విని, రచ్చకట్టపై మరేదో విని, చెల్లింపు నిలిపెను, వకీలు నోటీసు వచ్చినప్పుడు దానిని తిప్పి పంపెను, లేదా తీసికొని చదువకయే దూలములో చెక్కెను. నోటీసునకు గల పదునైదు దినముల గడువు గడచిపోయెను. అంతటితో అతని వ్యాజ్యములో సగబలము నశించెను. బిల్లు వచ్చుచున్నదన్న వార్తను నమ్మి నోటీసును నిర్లక్ష్యము చేయుట: ఇదియే వారు చిక్కుకొనుచున్న ఉచ్చు. దీనిని ఈ వ్యాసములో ఇంకను రెండు మూడు మారులు చెప్పుదును. విసుగు చెందువారు చెందవచ్చును.

ఆ వార్త ఎక్కడిదో ముందు చూతము. 2025 ఫిబ్రవరి 12వ తేదీన కర్ణాటక ప్రభుత్వము సూక్ష్మ ఋణముల వసూలులో బలాత్కారమును నివారించు ఆర్డినెన్సును వెలువరించెను. ఆ మరుసటి నెలలో అది సభామోదమును పొందెను. బలవంతపు వసూళ్లకు పదేండ్ల వరకు కారాగారము, ఐదు లక్షల వరకు జరిమానా. నమోదు గాని సంస్థలు బలహీన వర్గముల కిచ్చిన అప్పులు తీరినట్లే భావింపబడును. 1953 అక్టోబరు 1వ తేదీ వరకు మన ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిదే గదా! బంధుత్వములు, బేరసారములు నేటికిని ఆ దిక్కుననే యున్నవి; కావున అక్కడి వార్త ఇక్కడికి వచ్చుటకు జాము పట్టలేదు. అయితే వచ్చినది సగమే. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన బ్యాంకులకును ఫైనాన్సు కంపెనీలకును ఆ చట్టము వర్తింపదన్న మాటయు, అది కర్ణాటకము నందే చెల్లునన్న మాటయు సరిహద్దు కావలనే నిలిచిపోయెను.

మన రాష్ట్రమునకు ఇట్టి చట్టము లేకపోలేదు. 2010 అక్టోబరు 15న ఆర్డినెన్సుగా వచ్చి 2011లో మొదటి చట్టమై వెలసినది. కాని 2022 మే మాసమున సుప్రీంకోర్టు నెడుంపిల్లి ఫైనాన్సు వ్యాజ్యములో, రిజర్వు బ్యాంకు అదుపులోనున్న కంపెనీలపై రాష్ట్రముల వడ్డీ వ్యాపార చట్టములు చెల్లవని తేల్చెను; ఆ బాటనే 2023లో తెలంగాణ హైకోర్టు మన 2011 చట్టమును సైతము అట్టి కంపెనీలకు వర్తింపదనెను. ఆ హైకోర్టు తీర్పు ఆంధ్ర న్యాయస్థానములను బంధింపదు గాని, ఎదుటి వకీలు దానిని చదివి వినిపింపక మానడు.

అంతకంటె ముఖ్యమైన విషయ మింకొకటి కలదు. వడ్డీ వ్యాపారము రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో రాష్ట్ర జాబితా యందు 30వ పద్దు. చెక్కులు, ప్రామిసరీ నోట్లు కేంద్ర జాబితా యందు 46వ పద్దు. అనగా మన శాసనసభ్యులు రాబోవు సమావేశములలో ఏకగ్రీవముగా ఎంతటి కఠిన శాసనమును చేసినను, మీరు సంతకము చేసి యిచ్చిన చెక్కు చెల్లక తిరిగివచ్చినప్పుడు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టపు 138వ సెక్షను క్రింద నడచు వ్యాజ్యమును అది తుడిచివేయజాలదు. ఈ భేదమును ప్రజలకు చెప్పుట ఏ మంత్రియు తన బాధ్యతగా భావించినట్లు కానరాదు.

శాసనము వలన అప్పుల భారము నిజముగనే తగ్గిన కాలమును ఈ నేల యెరుగును. మచాని సోమప్పగారు ఇచ్చట చేనేత సహకార సంఘమును స్థాపించిన 1938వ సంవత్సరముననే, మదరాసు రాజ్యమున రైతుల ఋణ విమోచన చట్టము వచ్చి, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొన్న వడ్డీని కొట్టివేసెను. అయితే ఆ చట్టము తనంత తాను ఎవని ఇంటికిని నడచి రాలేదు; కోర్టు మెట్లెక్కి అడిగినవానికే అది ఫలించినది.

ఇక నా చేతనున్న తాజా వ్యాజ్యము. మా మండలమున ఉల్లియు పత్తియు పండించుకొను రైతొకడు బళ్ళారిలోని ఒక వడ్డీ వ్యాపారి వద్ద లక్ష రూపాయలు తీసికొని రెండు ఖాళీ చెక్కులు ఇచ్చెను. ఏజెంటు వచ్చినప్పుడెల్ల కొంత కొంత కట్టి, చిన్న పుస్తకములో అతనిచేత పొడి సంతకము చేయించుకొనెను; ఈ ఒక్క పని చేసినందులకు వానిని మెచ్చుకొనవలయును. సగమునకు మించి చెల్లించిన పిమ్మట కర్ణాటక వార్త చెవినబడెను. భార్యతో గూడి గుంటూరు దిక్కు మిరపకాయల సుగ్గికి వెళ్లిపోయెను. రిజిస్టరు కవరు వచ్చినప్పుడు ఇంటనున్న వృద్ధమాత, తీసికొన్నచో చిక్కులు వచ్చునని పొరుగువారు చెప్పగా, వద్దనెను. వ్యాపారి ఒక చెక్కుపై మూడు లక్షలని వ్రాసికొని బళ్ళారిలోని తన ఖాతాలో వేసియుండెను. 138వ సెక్షను గల ఆ చట్టమునకు 2015లో వచ్చిన సవరణ ననుసరించి, చెక్కును వేసికొన్నవాని ఖాతా ఎచ్చటనున్నదో అచ్చటి కోర్టుకే అధికారము. కావున వ్యాజ్యము బళ్ళారిలో దాఖలైనది. కన్నడములో వచ్చిన సమను ఎవరికిని అర్థము కాలేదు. తుదకు వారంటు వచ్చెను.

“నేను ఈడ లేనే లేను గదా సామీ! అప్పులు కట్టొద్దని సట్టం తెచ్చినారంట గదా?” అని అతడు నన్నడిగెను. జాలి కలిగినది, అంతకంటె అధికముగా కోపము కలిగినది. నోటీసు గడువులో ఆ చిన్న పుస్తకమును తెచ్చి నా ముందుంచియున్నచో, వ్యాజ్యపు రూపమే వేరై యుండెడిది.

ఏలయన, 2007లో అలవి హాజీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినదేమనగా, సరియైన చిరునామాకు పంపిన నోటీసు ‘తీసికొనలేదు’, ‘ఇంట లేరు’, ‘తాళము వేసియున్నది’ అను వ్రాతతో తిరిగివచ్చినను అందినట్లే భావింపవచ్చును. కవరు తిప్పి పంపుట వలన గడియారము ఆగదు. 2010 నాటి రంగప్ప వ్యాజ్యములో, నోటీసునకు జవాబీయకుండుటయే ఫిర్యాదీ మాటలో నిజమున్నదని తలచుటకు అవకాశమిచ్చునని అదే న్యాయస్థానము పలికెను. ఖాళీ చెక్కు గదా అను సాకు చెల్లదని 2019లో బీర్ సింగ్ తీర్పు: స్వచ్ఛందముగా సంతకము చేసి యిచ్చినచో, అంకె మరియొకరు వ్రాసినను భారము సంతకము చేసినవానిపైననే. అయితే 2022లో దశరథ్‌భాయి తీర్పు ప్రకారము, కొంత చెల్లించిన పిమ్మట ఆ చెల్లింపును చెక్కుపై నమోదు చేయక మొత్తమునకు బ్యాంకులో వేసినచో, ఆ మొత్తము చట్టబద్ధమైన బాకీ కానేరదు. చూచితిరా, రైతు చేతిలోని ఆ పుస్తకము ఎంతటి ఆయుధమో! దానిని పదునైదు దినములలో జవాబుగా వ్రాసి పంపిన వేరు, రెండేండ్లకు సాక్షి బోనులో నిలిచి చూపిన వేరు. మరల చెప్పుచున్నాను: కవరును తీసికొనుడు, జవాబిండు. నోటీసు నిజముగనే అందనివానికి మరియొక దారి మిగిలియున్నది: సమను అందిన పదునైదు దినములలో చెక్కు మొత్తము చెల్లించినచో ఫిర్యాదు నిలువదని అలవి హాజీ తీర్పులోనే కలదు. కాని ఈ రైతు మూడు లక్షలు ఎచ్చటనుండి తెచ్చును?

పోలీసులను గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. ఇంటి ముందు కూర్చుండి ఆడవారిని దూషించిన ఏజెంటులపై ఫిర్యాదు చేయబోయిన ఈ రైతునే ఒక ఠాణాలో “ఇది మా పరిధి కాదు, ఆ రాష్ట్రమునకు పొమ్ము” అని పంపివేసిరట. 2024 జూలై 1 నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షను, నేర మెచ్చట జరిగినను సమాచారమును ఏ ఠాణాలోనైనను ఈయవచ్చునని స్పష్టముగా చెప్పుచున్నది. నిరాకరించినచో ఎస్పీకి వ్రాతపూర్వకముగా పంపుటకును, అప్పటికిని కదలనిచో మెజిస్ట్రేటు నాశ్రయించుటకును దారి చూపినది. ఫిర్యాదు తీసికొనుటకు పరిధి అడ్డువచ్చినది గాని, వారంటు పట్టుకొని వచ్చుటకు రాలేదు.

కావున శాసనసభ్యులకు నా మనవి యిది: శిక్షను మూడేండ్లనుండి పదేండ్లకు పెంచితిమని చప్పట్లు కొట్టించుకొనుటకు ముందు, ఉన్న చట్టము క్రింద ఎన్ని ఫిర్యాదులు నమోదైనవో, ఎన్నింటిని ఠాణా గడపనుండియే తిప్పి పంపిరో హోంమంత్రిని సభలో అడుగుడు. సూక్ష్మ ఋణములకు ఎట్టి తాకట్టును తీసికొనరాదనియు, ఉదయము తొమ్మిదికి ముందును సాయంత్రము ఆరింటికి తరువాతను వసూలుకు పోరాదనియు రిజర్వు బ్యాంకు 2022లోనే నియమము చేసియుండగా, దానిని ప్రతి సచివాలయము గోడపైనను తెలుగులో వ్రాయించుటకు ఏ బిల్లును అక్కరలేదు.

చదువరులారా, ఈ పూట మీ యింటి దూలములో అట్టి కవరేదైన నున్నచో దింపి, అందిన తేదీ చూడుడు. కవరుతో సహా, చెల్లింపు కాగితములతో సహా వకీలు వద్దకు గడువు లోపల వెళ్లుడు. వకీలుకు రుసుము ఇచ్చుకొనలేని వారు 15100కు ఫోను చేయుడు. స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ న్యాయసేవా సంస్థ ఉచితముగా వకీలు నియమించును. సమావేశములు ముగియువరకు వేచియుండకుడు.