పాతబట్టలకు కొత్త రూపు – వేసవి దుస్తులలో పొదుపు

ఉగాది మొదలు జ్యేష్ఠమాసము చివరి వరకు మన పల్లెలలో బట్టల మీద అగు వ్యయము తక్కువ కాదు. పండుగకు కొంత, పెండ్లిండ్లకు కొంత, సెలవులలో ఇంటనుండు పిల్లలకు కొంత. చేతిలో సొమ్ము లేనివారు అప్పుచేసియైనను కొనుచున్నారు. కొనునవి యేమి? సంతలో రాశిపోసి అమ్మెడు చవుక పాలిస్టరు చీరలు, గౌనులు, చొక్కాలు. అదే ఇంటిలో మంచము క్రింది ట్రంకుపెట్టెలో అయిదారు నేత చీరలు, రెండు మూడు పంచెలు మడత విప్పకుండ పడియుండును. ఒకటి అంచు చిరిగినదని, ఒకటి మరక పడినదని, ఒకటి పాతకాలపుదని వాటిని ఎవరును కట్టరు. వేసవికి తగిన బట్ట పెట్టెలో నుండగా తగని బట్టకై అప్పుచేయుట యెంత విపరీతమో పంచాయతీ సభ్యులు ఆలోచింపుడు. ఆ పెట్టెను తెరపించుటకే ఈ పాఠము.

మొదట ఎండ సంగతి. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రములలోను కలిపి వేయిమందికి పైగా మరణించిరి. వారిలో ఎండలో పనిచేయు కూలీలు, వృద్ధులు అనేకులు. వడదెబ్బకు బట్ట ఒక్కటే కారణమని గాని, నూలుబట్ట ఒక్కటే రక్షయని గాని చెప్పరాదు. నీరు, నీడ, విశ్రాంతి ముందు కావలెను. అయినను ఒంటిమీది బట్టకు ఇందులో పాలున్నది. చెమట ఆరునప్పుడే శరీరము చల్లబడును. సాధారణ వాతావరణములో నూరు గ్రాముల నూలు ఎనిమిది గ్రాముల వరకు తేమను తనలో పట్టుకొనగా, పాలిస్టరు అరగ్రాము కూడ పట్టుకొనలేదు. అందుచే చవుక పాలిస్టరు చొక్కా ఒంటికి అంటుకొని ఉక్కపోయించును. పలుమారులు ఉతికిన నూలుచీరయో, మెత్తబడి, గాలి ఆడునదై యుండును. మా ఇంట ఒక ముసలమ్మ అనుచుండెడిది: "నాయనా, మనిషి ముసలైతే గట్టిపడతాడు, బట్ట ముసలైతే మెత్తబడుతుంది" అని. మనుషుల మాట యెట్లున్నను, బట్ట విషయమున ఆమె చెప్పినది నిజము.

అయితే పాతబట్ట అంతయు పనికివచ్చునది కాదు. కత్తెర పట్టుటకు ముందు పరీక్ష చేయవలెను. బట్టను పగటి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడుడు. పలుచబడిన చోట్లు జల్లెడవలె కనిపించును. ఆపైన రెండు బొటనవ్రేళ్ల నడుమ పట్టి ముందు పడుగు వైపునకు, తరువాత పేక వైపునకు మెల్లగా లాగుడు. పిట్టుమని నూలు తెగిన చప్పుడు వినబడినచో ఆ భాగమును విడిచిపెట్టవలసినదే. చీర అంతట ఒక్కరీతిగా చివుకదు. కూర్చుండు భాగము, మడమలు తగిలెడి క్రింది అంచు, పిన్నులు గ్రుచ్చిన భుజముపై భాగము ముందు పోవును. నడుములో దోపిన మొదటి చుట్టు, కుచ్చిళ్ల లోపలి మడతలు పెక్కేండ్లు గట్టిగా నుండును. చిరిగిన చీర అని మూలకు వేసినదానిలో సగము మంచి బట్టయే అని దీనివలన తేలును.

ఇపుడు ఒక లెక్క చూతము. చీర పన్నా 46 అంగుళములు అనుకొనుడు. ఎనిమిదేండ్ల ఆడపిల్లకు లంగా, జాకెట్టు కావలెను. చీరలో రెండున్నర మీటర్ల మంచి భాగమును ఏరి, చీర అంచు లంగాకు క్రింది అంచు అగునట్లు పెట్టుకొనవలెను. అనగా చీర పన్నాయే లంగా పొడవగును. లంగా పొడవు 26 అంగుళములు. నడుము పట్టీలో కుట్టుటకు 2 అంగుళములు. పిల్ల ఎదుగును గనుక అంచుకు పైన రెండు టక్కులు వేయవలెను. అంగుళము మడత గల ఒక్కొక్క టక్కు 2 అంగుళముల బట్టను దాచుకొనును గనుక వాటికి 4 అంగుళములు. మొత్తము 32. మిగిలిన 14 అంగుళముల పట్టీ, రెండున్నర మీటర్ల పొడవున, రెండవ అంచుతో సహా చేతికి వచ్చును. ఆ వయస్సు పిల్ల జాకెట్టుకు అది చాలును. ఆ రెండవ అంచును చేతుల చివర వేసినచో లంగాకును జాకెట్టుకును జత కుదురును. వచ్చు ఏడు ఒక టక్కు, ఆ పై ఏడు రెండవ టక్కు విప్పినచో ఒకే లంగా మూడు వేసవులు వచ్చును. మన అమ్మమ్మలు పట్టు పరికిణీలకు చేసినది ఇదే. దానిని నూలుచీరకు చేయుటకు మనకేల నామోషీ?

గద్వాల చీరల మాట ప్రత్యేకముగా చెప్పవలెను. వాటి ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. నూలుభాగము చివికిన తరువాత కూడ పట్టుకొంగు చెక్కుచెదరకుండుట తరచుగా చూచెదము. అట్టి చీరను పాతసామానుల వానికి స్టీలు గిన్నెకు ఇచ్చివేయుట నా దృష్టిలో పెద్ద నష్టము. ఆ అంచును విప్పి, తెల్లని మంగళగిరి నూలుగుడ్డతో కుట్టిన సాదా కుర్తాకు మెడ దగ్గర, చేతుల చివర వేసి చూడుడు. పట్టణములో దుకాణపు అద్దాల వెనుక వ్రేలాడదీసి అమ్మెడి కుర్తాకు అది తీసిపోదు. పట్టు మెడకు తగిలి ఉక్క పుట్టింపకుండ లోపల పలుచని నూలుపట్టీ వేయవలెను.

పురుషుల బట్టల విషయము సులభము. చొక్కాకు ముందుగా నలిగిపోవునది కాలరు మడత. కుట్లు విప్పి కాలరును తిరుగవేసి మరల కుట్టినచో లోపలి మంచి వైపు పైకి వచ్చును. వేసవికైనచో కాలరును పూర్తిగా తీసివేసి గుండ్రని మెడపట్టీ వేయుట ఇంకను మేలు. పొడుగు చేతులను మోచేతికి పైన కత్తిరించి, ఆ ముక్కలతో జేబో, చంకలో అతుకో వేయవచ్చును. నడుమ పలుచబడిన దుప్పటిని నిలువునా రెండుగా చీల్చి, గట్టిగానున్న రెండు ప్రక్కల అంచులను కలిపి నడుమ కుట్టి, కోసిన అంచులను మడిచి కుట్టినచో మరి రెండేండ్లు నిలుచును. పంచె మంచి భాగములతో పిల్లవానికి జుబ్బా వచ్చును.

ఇచ్చట దర్జీలు సైతము పొరపడు సంగతి యొకటి కలదు. పాతబట్టకు కొత్తగుడ్డ అతుకు వేయరాదు. కొత్తగుడ్డ ఉతుకులో కుదించుకొని చుట్టునున్న పాతనూలును లాగి చింపివేయును. అతుకు కూడ పాతదైనను కావలెను, లేదా రెండు మూడు మారులు ఉతికినదైనను కావలెను.

పసిబిడ్డకు పాత మెత్తని గుడ్డలు వాడుట మన ఆచారమే. వాటిని మరిగే నీటిలో ఉడికించి ఎండలో ఆరవేయక వాడరాదు. పిన్నీసులు, గుండీలు వలదు. బొందులు కుట్టుడు. గంజి అసలే పెట్టరాదు. పెద్దల బట్టలకైనను పలుచని గంజియే మేలు. చిక్కని గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పాతబట్ట మడతల వెంబడి పగులును.

మరకపడిన తెల్లబట్టను చూచి విచారింప నక్కరలేదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు నల్లరంగు తీయు విధానము మనకు ఇచ్చట అక్కరకు వచ్చును. వారు గుడ్డను కరక్కాయ నీటిలో తడిపి, తుప్పు ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టిన కసిమితో బొమ్మలు గీయుదురు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లగా మారును. మనకు నలుపు కాదు, ఎండకు ఓర్చు లేత బూడిదవన్నె కావలెను. నూరు గ్రాముల బట్టకు పదిహేను గ్రాముల కరక్కాయ పొడి చొప్పున నీటిలో కలిపి, బట్టను తడిపి ఆరబెట్టవలెను. ఒక బకెట్టు నీటిలో కసిమి కొద్దిగా పోసి అందులో ఆ బట్టను ముంచి కదలించుచుండగా రంగు పట్టును. ముందు చిన్న గుడ్డముక్కతో చూచుకొనుడు. కావలసిన వన్నె రాగానే తీసి మూడు నాలుగు నీళ్లలో బాగుగా జాడింపవలెను. ఇనుము ఎక్కువైనను, బట్టలో మిగిలిపోయినను, కాలక్రమమున నూలు పెళుసుబారును. అందుచే పలుచని, చివికిన గుడ్డకు ఈ పని చేయకుండుటే మంచిది. పసుపుతో వేసిన రంగు ఎండకు నిలువదు. పాలిస్టరుకు ఈ రంగు పట్టనే పట్టదు.

ఇంతవరకు చెప్పినది చేతిపని. అసలు చిక్కు మనస్సులో నున్నది. "పాతచీరతో కుట్టిన లంగా వేసికొంటే స్నేహితురాండ్రు నవ్వుతారు" అని పిల్లలందురు. ఆ మాటను తేలికగా కొట్టివేయరాదు. ఈడువచ్చిన పిల్లకు సొగసు కావలెను, కావలెననుటలో తప్పును లేదు. అమ్మ చీరతో కుట్టిన కుర్తా పిల్లకు నచ్చవలెనన్నచో కత్తిరింపు నేటి తీరున నుండవలెను. కొలత సరిపోవలెను, అతుకు ఎక్కడ వేయవలెనో ఆమెనే అడుగవలెను. రెండు చీరల అంచులు కలిపిన ఓణీ ఆమెయే ఎన్నుకొన్నదైనచో వేడుకగా వేసికొనును. పెద్దలు బలవంతముగా ఇచ్చినచో పేదరికపు గుర్తుగా కనిపించును. ఈ కారణముచేతనే, పాతబట్టలు పోగుచేసి పేదలకు పంచు కార్యక్రమముగా దీనిని నడుపవలదని నా మనవి. ఎవరి బట్టలు వారికే కుట్టుట దీని పద్ధతి. సర్పంచి గారి ఇంటి చీర మొట్టమొదట బల్లమీదికి రావలెను. చనిపోయినవారి బట్టలను కొన్ని కుటుంబములవారు ముట్టరు. ఆ పట్టింపుతో వాదమునకు దిగ నక్కరలేదు.

పంచాయతీకి కుట్టుపనితో నేమి సంబంధమని ఒక సభ్యుడు అడుగవచ్చును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941 జూన్ నెల నుండి బ్రిటనులో బట్టకు రేషను పెట్టిరి. 1943లో అక్కడి ప్రభుత్వమే పాతబట్టలు బాగుచేసికొను విధానమును గూర్చి చిన్న పుస్తకమును అచ్చువేసి ప్రజలకు అందించినది. మన దేశమున 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణలోని పదకొండవ షెడ్యూలు, పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములలో ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలను, స్త్రీ శిశు సంక్షేమమును చేర్చినది. కావున ఈ పని మీ పరిధిలోనిదే.

కావలసినది పెద్ద భవనము కాదు. గాలి ఆడు ఒక గది, ఒక వెడల్పాటి బల్ల, ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీపెట్టె, కత్తిరింపు తెలిసిన ఒక మనిషి. స్వయంసహాయక సంఘములలో మిషను గల స్త్రీలు చాల గ్రామములలో నున్నారు. మార్చి నుండి మే వరకు వారమునకు రెండు దినములు, ఎండ ముదురక ముందు ఉదయపు వేళ, ఈ కుట్టుబల్ల నడిపిన చాలును.

కూలి సంగతి ముందే తేల్చుకొనవలెను. ఒక గ్రామమున ఇట్టి ప్రయత్నము నెల తిరుగకుండ ఆగిపోవుట నేను చూచితిని. దర్జీకి పాతచొక్కా ఒకటి ఇచ్చి, "చిన్న మార్పే కదా" అని పది రూపాయలు చేతిలో పెట్టెడివారు. కుట్టుటకంటె పాతకుట్లు విప్పుటకు ఎక్కువసేపు పట్టునని ఇచ్చినవారికి తెలియదు. అతడు పాపము నాలుగు దినములు ఓర్చి, అయిదవ దినమున గొళ్లెము పెట్టుకొనెను. దీనికి ఉపాయము తేలిక. కుట్లు విప్పుట, ఉతుకుట, ఇస్త్రీచేయుట ఇంటివారి వంతు. కత్తిరించుట, కుట్టుట బల్లవద్దివారి వంతు. లంగాకు ఇంత, కాలరు తిరుగవేయుటకు ఇంత అని గ్రామసభలో అందరి యెదుట నిర్ణయించి గోడమీద వ్రాయింపుడు. గ్రామములో ఇదివరకే దర్జీ యున్నచో ఆయనను ముందు పిలిచి ఈ పని ఆయనకే అప్పగింపవలెను. ఆయన నోటిదగ్గరి కూడు తీయుట మన ఉద్దేశము కాదు.

ఏ దుస్తులకును పనికిరాని ముక్కలు మిగులును. మెత్తని నూలుముక్కలు బొంతలలోనికి పోవును. పాలిస్టరు చీరలు ఒంటికి మంచివి కాకపోయినను, గట్టివి గనుక సంచులకు బహు బాగుండును. 120 మైక్రానుల కంటె పలుచని ప్లాస్టికు చేతిసంచులు 2022 డిసెంబరు 31 నుండి దేశమంతట నిషిద్ధములు. ఒక చీరకు పది పన్నెండు సంచులు వచ్చును. వాటిని అంగడివానికి అమ్మినచో దారము, సూదులు, మిషను నూనె ఖర్చు వెళ్లిపోవచ్చును. పాలిస్టరు ముక్కలను పొయ్యిదగ్గర మసిగుడ్డలుగా వాడరాదు. నిప్పు తగిలినచో కరిగి చేతికి అంటుకొనును. వాటిని చెత్తతో కలిపి కాల్చుటయు తగదు.

ఇక కత్తెర మాట. బల్లకు మంచి కత్తెర నొకదానిని కొని, దానికి ఎఱ్ఱదారము కట్టి గుర్తుపెట్టుడు. కాగితములు కోయుటకు వేరొకటి ఉంచుడు. కాగితము కోసిన కత్తెరకు పదును పోవును. పదును పోయిన కత్తెర పాతచీరను కోయదు, నమిలివేయును.