నల్లరేగడి బంకమట్టి – సేంద్రియ పదార్థాలపై వేడి ప్రభావం

ఆదిలాబాద్ నల్లరేగడి నేలలు ప్రధానంగా బసాల్టు శిలల నుండి ఏర్పడినవి. వీటి బంకమట్టిలో స్మెక్టైట్ వర్గపు ఖనిజాలు అధికం. ఈ ఖనిజపు ఒక్కో పొర మందం సుమారు 1 నానోమీటరు. పొరల మధ్య నీరు, కాల్షియం వంటి అయాన్లు, కొంతమేర సేంద్రియ అణువులు ఉంటాయి. మిగిలిన సేంద్రియ పదార్థం పొరల అంచులను, వెలుపలి తలాలను అంటిపెట్టుకుని ఉంటుంది. కనుక ఈ మట్టిని సహజమైన సేంద్రియ–నిరింద్రియ సంకర పదార్థంగా పరిగణించవచ్చు. కరీంనగర్ ప్రాంతంలో గ్రానైటు నుండి ఏర్పడిన ఎర్ర చెల్కల్లో కయోలినైట్ కనిపిస్తుంది. దాని పొరల మధ్య సాధారణంగా నీరు చేరదు.

వేడి చేసినప్పుడు మార్పులు దశలవారీగా జరుగుతాయి. గాలిలో ఆరిన కాల్షియం స్మెక్టైట్‌లో పొరల అంతరం సుమారు 1.5 నానోమీటర్లు. 100–200 డిగ్రీల సెల్సియస్ మధ్య లోపలి నీరు పోయి, అంతరం 1 నానోమీటరుకు చేరువవుతుంది. తేమ తగిలితే పొరలు మళ్లీ విచ్చుకుంటాయి. 200–500 డిగ్రీల మధ్య సేంద్రియ పదార్థం మాడి, గాలి అందితే కాలిపోతుంది. సుమారు 500–700 డిగ్రీల మధ్య ఖనిజ నిర్మాణంలోని హైడ్రాక్సిల్ నీరుగా వెలువడుతుంది. అప్పుడు ఉబ్బే గుణం, ధన అయాన్ల మార్పిడి సామర్థ్యం చాలావరకు తిరిగి రాకుండా పోతాయి.

ఈ వివరం ప్రయోగశాలలో కీలకం. నమూనాను కాల్చి, తగ్గిన బరువంతా సేంద్రియ పదార్థమేనని లెక్కిస్తే పొరపాటు జరుగుతుంది. నిర్మాణ నీరు బరువులో స్మెక్టైట్‌లో సుమారు 5 శాతం, కయోలినైట్‌లో సుమారు 14 శాతం. ఉదాహరణకు, 40 శాతం స్మెక్టైట్, 1 శాతం సేంద్రియ పదార్థం గల నేలలో నిర్మాణ నీరంతా పోతే బరువు మొత్తం 3 శాతం తగ్గుతుంది. అనగా ఫలితం మూడు రెట్లు కనిపిస్తుంది. కనుక 105 డిగ్రీల వద్ద ఆరబెట్టిన తర్వాతే తొలి బరువు తీసుకోవాలి. 360 డిగ్రీల వద్ద 2 గంటలు కాల్చి, ఫలితాన్ని స్థానిక నేలల వాక్లీ–బ్లాక్ విలువలతో సరిచూడాలి.

పొలంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. తడి నేలలో నీరు ఆవిరయ్యేవరకు ఉష్ణోగ్రత 100 డిగ్రీలను పెద్దగా దాటదు. పొడి నేలపై పత్తి కట్టెను కుప్పలుగా వేసి కాల్చినప్పుడు మాత్రం కుప్ప కింది పైపొర తీవ్రంగా వేడెక్కి, సేంద్రియ పదార్థాన్ని కోల్పోతుంది. కట్టెలోని నత్రజనిలో అధిక భాగం వాయు రూపంలో పోతుంది. గులాబీ రంగు పురుగు భయంతో రైతులు కట్టెను కాల్చడం అకారణం కాదు. ఆ పురుగు పంట అవశేషాల్లో మిగిలి ఉంటుంది. అందుచేత చివరి తీత కాగానే యంత్రంతో కట్టెను ముక్కలు చేసి, ఆలస్యం లేకుండా నేలలో కలియదున్నాలని విస్తరణ శాస్త్రవేత్తలు సూచించడం మేలు.