రక్తములో ఆమ్లము – మనుష్యునకు, పశువునకు

గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తి, మిరప పండించు గ్రామములయందు రెండు ఆపదలు పంచాయతీ సభ్యులకు తెలిసినవే. పురుగుమందు చల్లిన కూలి ఊపిరాడక పడిపోవుట మొదటిది. పెండ్లివిందులో మిగిలిన అన్నమునో, కళ్ళములోని జొన్నలనో మితిమీరి తిన్న గేదె లేవలేకపోవుట రెండవది. ఈ రెండింటను రక్తములో ఆమ్లము హెచ్చును. కారణములు మాత్రము వేరు.

ఆరోగ్యవంతుని ధమనిరక్తము కొంచెము క్షారగుణము కలది. పి.హెచ్. అను కొలతలో అది 7.35 మొదలు 7.45 వరకు ఉండును. ఈ కొలత తగ్గినకొలది ఆమ్లము హెచ్చినట్లు. ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును, మూత్రపిండములు ఇతర ఆమ్లములను వెలికి పంపి ఈ సమత్వమును కాపాడుచుండును.

ఆర్గానోఫాస్ఫరస్ జాతి మందు ఒంటికెక్కినచో శ్వాసనాళములు ద్రవముతో నిండును. ఊపిరి పీల్చు కండరములు సన్నగిల్లును. బొగ్గుపులుసు వాయువు బయటికి పోజాలక రక్తమును ఆమ్లముగా మార్చును. వ్రేలికి తగిలించు పరికరము ప్రాణవాయువును మాత్రమే తెలుపును. కావున పెద్ద ఆసుపత్రులలో మణికట్టు ధమనినుండి రక్తము తీసి, రెండు వాయువులను, ఆమ్లమును కొలుతురు.

ఈ కొలత విలువ 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో వ్యాధి ప్రబలినప్పుడు రుజువైనది. రోగుల రక్తములో క్షారము పెరిగినదని వైద్యులు తలచిరి. అది నిలిచిపోయిన బొగ్గుపులుసు వాయువేయని బ్యోర్న్ ఇబ్సెన్ అను వైద్యుడు చెప్పెను. కొలిచి చూడగా అదియే నిజమైనది. విద్యార్థులు వంతులవారీగా రబ్బరుసంచి నొక్కి రోగులకు ఊపిరి అందించిరి. మరణములు మిక్కిలి తగ్గినవి.

గేదె సంగతి వేరు. దాని పెద్దపొట్టలో పి.హెచ్. సాధారణముగా 6, 7 మధ్య నుండును. అన్నము, గింజలు అధికమైనచో అవి త్వరగా పులిసి లాక్టిక్ ఆమ్లమగును; కొలత 5.5 కంటె దిగువకు పడిపోవును. ఆ ఆమ్లము రక్తములో చేరును. పశువు నెమరు మానును, పలుచగా పేడ వేయును, కూలబడును. ఇచట లోపము ఊపిరితిత్తులది కాదు. పశువైద్యుడు పొట్టలోని ద్రవమును పి.హెచ్. కాగితముతో అక్కడికక్కడే పరీక్షించి, తగిన మోతాదులో సోడియం బైకార్బొనేటు ఇచ్చును.

ధమనిరక్తమును గాలి సోకకుండ ఉంచి, తీసిన అరగంటలోపల పరీక్షింపవలెను. కావున రక్తమును గ్రామమున తీసి పంపుట కుదరదు. రోగియే ఆసుపత్రికి చేరవలెను. పంచాయతీ సభ్యులు చేయవలసిన పనులివి:

1. మందు సోకినవాని బట్టలు తీసివేయించి, ఒడలు సబ్బుతో కడిగించి, వెంటనే 108కి కబురు చేయవలెను. మందుసీసాపై చీటీని వైద్యునకు చూపవలెను.

2. రోగి తేరుకొన్నట్లు కనబడినను వైద్యుడు చెప్పకుండ ఇంటికి తీసికొనిపోరాదు. ఒకటి మొదలు నాలుగు దినములలో ఊపిరి మరల సన్నగిల్లవచ్చును.

3. విందులలో మిగిలిన అన్నమును పశువుల కందునట్లు పారవేయనీయరాదు. పశువు జబ్బుపడినచో 1962కు గాని, దగ్గరి పశువైద్యశాలకు గాని తెలుపవలెను.

కొలిచి చికిత్స చేయువారు పట్టణమున కలరు. వారి చెంతకు సకాలమున చేర్చు భారము గ్రామముది.