బదిలీ అయిన ప్రింటరు

బదిలీ ఉత్తర్వు వస్తే సామానుతో పాటు పాత ప్రింటరూ లారీ ఎక్కుతుంది. కొత్త క్వార్టరులో రౌటరుకు కేబుల్ పెట్టి స్విచ్ వేస్తాం. కంప్యూటరు మాత్రం ‘ఆఫ్‌లైన్’ అంటుంది. తెల్లారితే ప్రాజెక్టు ఇవ్వాలి! ప్రింటరు పాడైందని చాలామంది ఇక్కడే అనుకుంటారు.

ఇంట్లో ప్రతి పరికరానికీ రౌటరు ఒక అంకెల చిరునామా ఇస్తుంది. దాన్నే ఐపీ అడ్రస్ అంటాం. పాత ఊళ్లో ప్రింటరుది 192.168.1.20 అనుకుందాం. కొత్త రౌటరు 192.168.0.105 ఇచ్చి ఉండవచ్చు. కంప్యూటరు ఇంకా పాత అడ్రసుకే పంపుతోంది, మనం ఖాళీ చేసిన క్వార్టరుకు ఉత్తరాలు వెళ్తున్నట్టు.

ముందుగా ప్రింటరు మెనూలో నుంచి నెట్‌వర్క్ వివరాల పేజీ ముద్రించుకోవాలి. అందులోనూ పాత అంకెలే ఉంటే, వాటిని ఎవరో చేత్తో పెట్టారన్నమాట. అప్పుడు మెనూలో ‘డీహెచ్‌సీపీ’కి మార్చి, పేజీ మళ్లీ తీయాలి. తర్వాత విండోస్‌లో ‘ప్రింటర్ ప్రాపర్టీస్’ తెరిచి, ‘పోర్ట్స్’లో ‘యాడ్ పోర్ట్’ నొక్కి, ‘స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్’ ఎంచుకుని కొత్త అంకెలు ఇస్తాం. డ్రైవరు మళ్లీ వేయనక్కరలేదు.

కరెంటు పోయి వచ్చాక ఈ అడ్రసు మళ్లీ మారవచ్చు. అందుకే చాలా రౌటర్లలో ‘అడ్రస్ రిజర్వేషన్’ ఉంటుంది. అదే పేజీలో ఉండే మ్యాక్ అడ్రస్ అక్కడ రాస్తే, రైలు బెర్తులా ఆ అంకె మన ప్రింటరుకే ఉండిపోతుంది.

యూఎస్‌బీ తీగ ఒక్కటే ఉన్న ప్రింటరునైతే ఒక కంప్యూటరుకు తగిలించి ‘షేర్’ చేయాలి. ఆ కంప్యూటరు నిద్రపోతే ప్రింటరూ అందదు. అది నాన్నగారి ల్యాప్‌టాప్ అయితే, ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాల్సిందే.