కరెంటు పోయి వచ్చాక సీఎన్‌సీ రూటర్ దగ్గర: చేయవలసినవి - చేయకూడనివి

పాల్వంచ దాటి సారపాక వైపు వెళ్తుంటే కరెంటు తీగలు చాలాదూరం చెట్ల పక్కనే సాగుతాయి. వానాకాలం గాలికి ఒక కొమ్మ విరిగి వాటి మీద పడితే చాలు, సింహద్వారం మీద లక్ష్మీదేవిని చెక్కుతున్న రూటర్ సగంలో ఆగిపోతుంది. నేను చూసినంతలో యాక్సిస్ ఎర్రర్లు ఎక్కువగా పుట్టేది లైను తిరిగొచ్చిన ఆ పది నిమిషాల్లోనే. వేళ్ళు నలిగేదీ అప్పుడే.

స్టెప్పర్ మోటార్లతో నడిచే మామూలు రూటర్‌కి తానెక్కడ ఉందో తెలియదు. కంట్రోలర్ పంపిన పల్స్‌లు లెక్కపెట్టుకుని ‘ఇక్కడున్నాను’ అనుకుంటుంది, అంతే. కరెంటు లేనప్పుడు ఎవరి మోచెయ్యో తగిలి గ్యాంట్రీ అంగుళం జరిగినా ఆ లెక్కలోకి రాదు.

చేయవలసినవి

కరెంటు పోగానే మెయిన్ స్విచ్ ఆఫ్ చేయండి. ఎమర్జెన్సీ బటన్ నొక్కాం కదా అని ఊరుకోవద్దు. చాలా యంత్రాల్లో ఆ బటన్ కదలికను ఆపుతుందే తప్ప కంట్రోల్ డబ్బాలో కరెంటును తీసెయ్యదు.

స్పిండిల్ కింద ఒక చెక్కదిమ్మ పెట్టండి. బ్రేకు లేని జెడ్ యాక్సిస్ బరువుకి కిందికి జారవచ్చు. బిట్ మార్చుతున్న చెయ్యి అప్పుడు దాని కిందే ఉంటుంది.

డబ్బా తెరవాల్సి వస్తే ఆగండి. స్విచ్ ఆపినా స్పిండిల్‌ను నడిపే వీఎఫ్‌డీలోని కెపాసిటర్లలో చార్జి కొంతసేపు నిలిచే ఉంటుంది. ఎన్ని నిమిషాలు ఆగాలో దాని మాన్యువల్లో ఉంటుంది. ఆ తర్వాత కూడా ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్ పెట్టి చూశాకే లోపల చెయ్యి పెట్టాలి.

మళ్ళీ ఆన్ చేశాక బిట్ చెక్కలో ఇరుక్కుని ఉందేమో ముందు చూసుకోండి. జెడ్‌ను మెల్లగా పైకి లేపి, ఆ తర్వాతే ఎక్స్, వైలను హోమ్‌కి పంపండి. కొన్ని డీఎస్‌పీ కంట్రోలర్లు ఆగిన చోటి నుంచే పని కొనసాగిస్తామంటాయి. హోమ్ చేయకుండా ఆ మాట నమ్మితే దేవి ముక్కు చెంప మీదికి వస్తుంది.

తెర మీది మాటను పూర్తిగా చదవండి. సాఫ్ట్ లిమిట్ అంటే ఫైలు బల్ల హద్దు దాటుతోందని. ఆరిజిన్ తప్పుగా పెట్టినప్పుడు ఎక్కువగా వస్తుంది. హార్డ్ లిమిట్ అంటే స్విచ్ తగిలిందని. అయితే స్విచ్ మీట దగ్గర రంపపు పొట్టు గట్టిపడినా, తీగ తెగినా అదే మాట రావచ్చు. ఇక్కడ తప్పు కంట్రోలర్‌ది కాదు.

కొలతలో తేడా వస్తోందా? 100 మిల్లీమీటర్లు జరగమని చెప్పి స్కేలు పెట్టి చూడండి. ఇలా అయిదారుసార్లు చేయండి. ప్రతిసారీ సరిగ్గా 98 వస్తే సెట్టింగు తప్పు. 5 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న బాల్‌స్క్రూ, ఒక చుట్టుకి 200 స్టెప్పుల మోటారు, డ్రైవర్‌లో 8 మైక్రోస్టెప్పులు అయితే మిల్లీమీటరుకి 320 పల్స్‌లు రావాలి. ఒకసారి 98, ఇంకోసారి 99, మరోసారి 96 వస్తే సెట్టింగు జోలికి వెళ్ళకండి. కప్లింగ్ స్క్రూ వదులైందో, పినియన్ అరిగిందో, వోల్టేజీ పడిపోయి మోటారు స్టెప్పులు వదిలేస్తోందో వెతకాలి. అంకెలు మార్చి దీన్ని కప్పిపుచ్చిన యంత్రం తర్వాతి తలుపును పాడుచేస్తుంది.

చేయకూడనివి

లిమిట్ స్విచ్‌ను బైపాస్ చేయకండి. “ఈ ఒక్క తలుపు అయిపోనీ అన్నా” అనే మాట ప్రతి షెడ్డులోనూ వింటాను. ఆ ఒక్క తలుపు ఎప్పటికీ అయిపోదు, స్విచ్ మళ్ళీ ఎవరూ కలపరు.

ఆన్‌లో ఉండగా స్టెప్పర్ మోటారు తీగలు పీకొద్దు. డ్రైవర్ కాలిపోవచ్చు.

మోటార్ల తీగలు అటూఇటూ మార్చి లోపం ఎటు పోతుందో చూడమని చాలామంది చెబుతారు. మంచి చిట్కానే, కానీ వై యాక్సిస్‌కి రెండు వైపులా రెండు మోటార్లున్న యంత్రంలో ప్రమాదం. ఒక వైపే కదిలితే గ్యాంట్రీ మెలిపడుతుంది. పైగా ఏ బటన్ నొక్కితే ఏది కదులుతుందో, ఏ లిమిట్ స్విచ్ దాన్ని ఆపుతుందో లెక్క తప్పుతుంది. నడుస్తుండగా గ్యాంట్రీ ఒక పక్కకి ఒరుగుతోందనిపిస్తే వెంటనే ఆపండి. చేత్తో నెట్టి సరిచేయబోకండి.

తిరిగే స్పిండిల్ దగ్గర చేతి తొడుగులు, మెడలో కండువా వద్దు.

కంట్రోల్ డబ్బాలోకి కంప్రెసర్ గాలి కొట్టొద్దు. పొట్టు టెర్మినళ్ళ సందుల్లోకి దూరుతుంది, మిగిలింది మీ ఊపిరితిత్తుల్లోకి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్కపొడిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది 1995లోనే.

గోదావరి ఒడ్డున ఉన్నవారికి ఇంకొకటి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 53కి మూడోది. 2022 జూలైలో నీళ్ళు 71 అడుగులు దాటాయి. నీట మునిగిన యంత్రాన్ని పైన తుడిచి, ఎండలో పెట్టి, ఆరిందని ఆన్ చేయకండి. వీఎఫ్‌డీ, డ్రైవర్లు, స్పిండిల్ అన్నీ విప్పి బురద తీయించి, ఎర్తింగ్ పరీక్ష చేయించాకే స్విచ్ వేయాలి. కంట్రోల్ డబ్బాను వీలైనంత ఎత్తున బిగించుకోవడం అంతకన్నా చవక.

యంత్రం బాగున్న రోజునే పారామీటర్లన్నీ కాగితం మీద రాసి డబ్బా తలుపు లోపలివైపు అతికించండి. హైదరాబాద్‌లోని మెకానిక్ ఫోన్లో మొదట అడిగేది ఆ అంకెలే.